ఇంద్రధనుస్సు జెర్సీ వెనక ఉన్న పిచర్లు: హ్యూస్టన్ ఆస్ట్రోస్ చొక్కాల కథ

హ్యూస్టన్ ఆస్ట్రోస్ బేస్‌బాల్ జట్టు 1975లో వేసుకున్న జెర్సీ ఫొటో ఒకసారి చూడండి. భుజాలు తెలుపు. ఛాతీ మీద ముదురు నీలం అక్షరాల్లో జట్టు పేరు. దాని కిందనుంచి నడుము దాకా పసుపు, నారింజ, ఎరుపు పట్టీలు, ముందూ వెనకా చుట్టుకుని ఉంటాయి. పొట్ట మీద ఓ పక్కగా పెద్ద నీలం నక్షత్రం. తల మీద నారింజ టోపీ. ప్యాంటు తొడ దగ్గర కూడా ఆటగాడి నంబర్ ఉంటుంది. వీపు మీద ఇన్ని రంగుల మధ్య నంబర్ కనబడదని మొదట్లో తెల్లటి గుండ్రం వేసి అందులో అంకె పెట్టారు. అభిమానులు దీనికి టెకీలా సన్‌రైజ్ అని, రెయిన్‌బో గట్స్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు.

వచ్చిన కొత్తలో దీన్ని చూసి నవ్వినవాళ్ళు చాలామంది. బేస్‌బాల్‌లో అతి వికారమైన యూనిఫాం ఏదని అడిగితే ఏళ్ళ తరబడి దీని పేరే ముందు వినబడేది. ఇప్పుడు హ్యూస్టన్ స్టేడియానికి వెళ్తే ఏ వరుసలో చూసినా ఈ పట్టీలే. అది వాడుకలో ఉన్నప్పటికి ఇంకా పుట్టని కుర్రాళ్ళు కూడా దాన్నే వెతికి కొనుక్కుంటున్నారు. హ్యూస్టన్ శివార్లలో కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు ఉండే మన తెలుగు ఇళ్ళలో పెరిగిన పిల్లలకు కూడా ఆ రంగులు సొంత ఊరి రంగులైపోయాయి.

పాత ఫ్యాషన్ తిరిగొచ్చిందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ 1970ల నాటి రంగురంగుల జెర్సీలు ఇంకా చాలా జట్లకు ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఎవరూ తలుచుకోవడం లేదు. ఇదొక్కటే ఎందుకు నిలబడింది? ఆ చొక్కాలో ఎలాంటి ఆట ఆడారో చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదని నా అభిప్రాయం. చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. బేస్‌బాల్‌లో అన్నిటికన్నా ఆర్భాటమైన ఈ జెర్సీలో జరిగిన గొప్ప మ్యాచ్‌లు చాలావరకు పరుగులు రాని మ్యాచ్‌లే. ఒకటి సున్నా, రెండు సున్నా లాంటి స్కోర్లు. ఇది పిచర్ల చొక్కా, అంటే బంతి వేసేవాళ్ళ చొక్కా.

తెలుపూ బూడిదా పోయి రంగులెలా వచ్చాయి

బేస్‌బాల్ యూనిఫాంకు ఒక పాత కట్టుబాటు ఉంది. సొంత ఊళ్ళో ఆడితే తెలుపు, బయటి ఊరికి వెళ్తే బూడిద రంగు. ప్రయాణాల్లో బట్టలు ఉతుక్కునే వీలుండదు కాబట్టి మాపు కనబడని రంగు ఎంచుకున్నారని చెబుతారు. బట్ట ఉన్నితో నేసిన ఫ్లానెల్. ఎండాకాలంలో తొమ్మిది ఇన్నింగ్స్ దానిలో ఆడటం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఆ బట్ట మీద పట్టీలూ రంగులూ ఎక్కువ పెట్టే వీలు కూడా లేదు.

రెండు విషయాలు ఈ పద్ధతిని తిరగేశాయి. ఒకటి కలర్ టీవీ. బూడిద రంగు చొక్కాలు తెర మీద వెలవెలబోతాయని జట్ల యజమానులకు అర్థమైంది. 1963లోనే కాన్సస్ సిటీ అథ్లెటిక్స్ యజమాని చార్లీ ఫిన్లీ తన ఆటగాళ్ళకు ఆకుపచ్చ, బంగారు రంగు బట్టలు వేయించాడు. రెండోది పాలియెస్టర్. 1970లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ డబుల్ నిట్ పాలియెస్టర్‌కు మారారు. ఆ బట్ట సాగుతుంది, తేలిగ్గా ఆరుతుంది, ఎంత గాఢమైన రంగునైనా పట్టుకుంటుంది. ఆ తర్వాత చాలా జట్లు రంగుల్లోకి దిగాయి. కానీ మిగతా జట్లు ఒక రంగు తీసి ఇంకో రంగు పెట్టాయి, అంతే. హ్యూస్టన్ మాత్రం చొక్కాను మొత్తం కొత్తగా గీసింది. 1970ల్లో సొంత ఊళ్ళోనూ బయటా అదే వేసుకుని అసలు కట్టుబాటునే పక్కన పెట్టింది.

హ్యూస్టన్‌కే ఆ తెగువ ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకో పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఈ జట్టు 1962లో కోల్ట్ 45స్ పేరుతో మొదలైంది. ఛాతీ మీద తుపాకీ బొమ్మ, దాని గొట్టం నుంచి లేచే పొగ. ఆడింది తాత్కాలికంగా కట్టిన స్టేడియంలో. టెక్సస్ తీరప్రాంతపు ఎండ, ఉక్కపోత, దోమలు. 1965లో పైకప్పున్న ఆస్ట్రోడోమ్ తెరిచారు. బేస్‌బాల్‌కు పూర్తి కప్పు కింద ఆడే మొదటి మైదానం అదే. ఆ ఏడాది ఏప్రిల్ 9న యాంకీస్‌తో జరిగిన ఎగ్జిబిషన్ మ్యాచ్‌కు ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ కూడా వచ్చాడు. నాసా మానవసహిత అంతరిక్ష కేంద్రం ఈ ఊళ్ళోనే ఉంది కాబట్టి తుపాకీ పోయి ఆస్ట్రోస్ అనే పేరు, ఛాతీ మీద తోకచుక్కలా దూసుకుపోయే నక్షత్రం వచ్చాయి.

డోమ్ కప్పుకు పారదర్శకమైన పలకలు వేశారు. పగటిపూట ఆ వెలుతురులో గాల్లోకి లేచిన బంతి ఫీల్డర్లకు కనబడలేదు. పలకలకు రంగు పూశారు. వెలుతురు తగ్గి గడ్డి చచ్చిపోయింది. దాంతో 1966లో కృత్రిమ గడ్డి పరిచారు. మనందరికీ తెలిసిన ఆస్ట్రోటర్ఫ్ అన్న మాట అక్కడ పుట్టిందే. గడ్డి దాకా అన్నీ తయారుచేసుకున్న చోట మరీ కొత్త రకం చొక్కా పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

డోమ్ లోపల గాలి కదలదు. మైదానం పెద్దది, కంచెలు దూరం. బయట కంచె దాటి హోమ్ రన్ అయ్యే బంతి ఇక్కడ ఫీల్డర్ చేతిలో పడేది. కాబట్టి ఇక్కడ గెలవాలంటే గట్టి పిచర్లు, వేగంగా పరుగెత్తేవాళ్ళు కావాలి. 1979లో ఆస్ట్రోస్ 89 మ్యాచ్‌లు గెలిచారు. ఏడాది మొత్తానికి జట్టంతా కలిసి కొట్టిన హోమ్ రన్‌లు 49. అదే ఏడాది షికాగో కబ్స్ ఆటగాడు డేవ్ కింగ్‌మన్ ఒక్కడే 48 కొట్టాడు. నా వాదనకు ఆధారం ఈ రెండు అంకెలే.

నాలుగు నో-హిట్టర్లు, ఒక క్యాచర్

ఇంద్రధనుస్సు జెర్సీ మొదలైన సంవత్సరమే విషాదంతో మొదలైంది. జట్టు తరఫున రెండు నో-హిట్టర్లు వేసిన పిచర్ డాన్ విల్సన్ 1975 జనవరిలో 29 ఏళ్ళకే చనిపోయాడు. ఆ సీజన్‌లో రంగుల చొక్కా చేతి మీద నల్లటి గుండ్రంలో అతని నంబర్ 40 ఉంటుంది. పాత ఫొటోల్లో అది కనబడినప్పుడల్లా నా చూపు మిగతా రంగులను వదిలి దాని మీదే ఆగుతుంది. ఆ ఏడాది జట్టు 64 గెలిచి 97 ఓడింది. అప్పటివరకు జట్టు చరిత్రలో అంతకంటే ఘోరమైన సీజన్ లేదు. చొక్కాను చూసి నవ్వడానికి ఇది కూడా ఒక కారణమే. గెలిచే జట్టు ఏం వేసుకున్నా జనం పెద్దగా పట్టించుకోరు.

నో-హిట్టర్ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లో, 27 మందిని అవుట్ చేసేలోపు, అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకపోవడం. పిచర్ గురి తప్పి వాక్ (బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్) ఇచ్చినా, ఫీల్డర్ బంతి జారవిడిచినా పరవాలేదు, బ్యాటర్ సొంతంగా కొట్టి బేస్ చేరకూడదు. ఎంతో గొప్ప పిచర్లు కూడా జీవితంలో ఒక్కటీ వేయకుండానే రిటైరవుతారు. పూర్తి ఇంద్రధనుస్సు జెర్సీ వాడిన 1975 నుంచి 1986 దాకా ఆస్ట్రోస్ నాలుగు వేశారు. నాలుగూ ఆస్ట్రోడోమ్‌లోనే. 1976 జూలైలో లారీ డియర్కర్, 1979 ఏప్రిల్‌లో కెన్ ఫోర్ష్, 1981 సెప్టెంబర్‌లో నోలన్ రయన్, 1986 సెప్టెంబర్‌లో మైక్ స్కాట్. ఫోర్ష్ తమ్ముడు బాబ్ అంతకుముందు ఏడాదే సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున ఒకటి వేశాడు. అన్నదమ్ములిద్దరూ నో-హిట్టర్ వేయడం అదే మొదటిసారి.

ఈ నాలుగింటిలో మూడింటికి క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు, ఒక్కడే, ఆలన్ ఆష్బీ. ఏ బంతి వేయాలో వేళ్ళతో సైగ చేసేది అతనే. పిచర్ పేరు రికార్డుల్లోకి ఎక్కుతుంది, క్యాచర్ పేరు అభిమానులకే గుర్తుంటుంది. ఛాతీ కవచం కట్టుకోవడంతో ఆ ప్రసిద్ధమైన పట్టీలు అతని ముందు భాగంలో కనబడేవి కూడా కావు.

రయన్ నో-హిట్టర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. రయన్ హ్యూస్టన్ పక్కనే ఉన్న ఆల్విన్‌లో పెరిగినవాడు. 1979 సీజన్ అయ్యాక ఏడాదికి పది లక్షల డాలర్ల జీతంతో ఆస్ట్రోస్‌కు వచ్చాడు. బేస్‌బాల్‌లో ఆ మొత్తం అందుకున్న మొదటి ఆటగాడు అతనే. అప్పటికే తన పాత జట్టు ఏంజెల్స్ తరఫున నాలుగు నో-హిట్టర్లు వేసి పిచర్ శాండీ కోఫాక్స్ రికార్డుతో సమానంగా ఉన్నాడు. 1981 సెప్టెంబర్ 26న ఎదురుగా ఉన్నది కోఫాక్స్ పాత జట్టు డాడ్జర్స్. ఏడో ఇన్నింగ్స్‌లో మైక్ సోషియా కుడివైపు లోతుగా కొట్టిన బంతిని టెర్రీ పుల్ వెనక్కి పరుగెత్తి పట్టుకున్నాడు. అది పడి ఉంటే కథ అక్కడితో ముగిసేది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో చివరి బ్యాటర్ డస్టీ బేకర్. కొట్టిన బంతి మూడో బేస్ దగ్గరున్న ఆర్ట్ హౌ వైపు దొర్లింది, హౌ మొదటి బేస్‌కు విసిరాడు, అవుట్. 5-0. ఐదో నో-హిట్టర్‌తో రయన్ కోఫాక్స్‌ను దాటాడు. డస్టీ బేకర్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

స్కాట్ కథ వేరు. అతను మొదట్లో సాధారణ పిచర్. రోజర్ క్రెయిగ్ అనే కోచ్ దగ్గర స్ప్లిట్ ఫింగర్ ఫాస్ట్‌బాల్ నేర్చుకున్నాక మనిషే మారిపోయాడు. రెండు వేళ్ళు బాగా వెడల్పుగా చాపి మధ్యలో బంతి ఇరికించి వేసే బంతి అది. వేగంగా వచ్చినట్టే వచ్చి బ్యాటర్ ముందు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. 1986లో స్కాట్ 306 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. సెప్టెంబర్ 25న జయంట్స్ మీద 13 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ వేశాడు, 2-0. ఆ విజయంతోనే డివిజన్ టైటిల్, అంటే లీగ్‌లో తమ విభాగంలో మొదటి స్థానం, ఖాయమైంది. అవతలి డగౌట్‌లో కూర్చున్న జయంట్స్ మేనేజర్ ఎవరో తెలుసా? స్కాట్‌కు ఆ బంతి నేర్పిన రోజర్ క్రెయిగే.

దానికి రెండు రోజుల ముందు అదే డోమ్‌లో జిమ్ డెషేస్ డాడ్జర్స్ మొదటి ఎనిమిది మంది బ్యాటర్లను వరుసగా స్ట్రైకౌట్ చేశాడు. ఒక జట్టు పిచర్లు ఇంత ఊపు మీదున్న వారం ఇంకోటి వెతకడం కష్టం.

ఆ తర్వాత న్యూయార్క్ మెట్స్‌తో నేషనల్ లీగ్ (బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) ఫైనల్ సిరీస్. మొదటి మ్యాచ్ స్కాట్ 14 స్ట్రైకౌట్లతో 1-0తో గెలిపించాడు, పరుగు గ్లెన్ డేవిస్ హోమ్ రన్. నాలుగో మ్యాచ్‌కూ స్కాటే, మళ్ళీ గెలుపు. స్కాట్ బంతిని గీకి గరుకు చేసి మోసం చేస్తున్నాడని మెట్స్ గోల పెట్టారు. సిరీస్ ఏడో మ్యాచ్‌కు వెళ్తే మళ్ళీ అతన్నే ఎదుర్కోవాలి కాబట్టి ఆరో మ్యాచ్ గెలిచి తీరాలని వాళ్ళకు టెన్షన్. అక్టోబర్ 15న ఆ మ్యాచ్ 16 ఇన్నింగ్స్ నడిచింది. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా హ్యూస్టన్ 3-0 ఆధిక్యంలో ఉంది, అది పోయింది. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో మెట్స్ ముందుకెళ్తే బిల్లీ హ్యాచర్ కొట్టిన బంతి ఫౌల్ పోల్‌కు తగిలి హోమ్ రన్ అయింది, స్కోరు మళ్ళీ సమం. పదహారులో మెట్స్ మూడు చేశారు, హ్యూస్టన్ రెండు చేసింది. సమం చేసే పరుగు బేస్ మీద ఉండగా కెవిన్ బాస్ స్ట్రైకౌట్. 7-6. ఓడిన జట్టులో ఉన్నా సిరీస్ ఉత్తమ ఆటగాడి అవార్డు స్కాట్‌కే ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి ఆ పూర్తి పట్టీల జెర్సీ లేదు.

50వ నంబర్

ఇంత చెప్పినా ఆ చొక్కాలో అందరికంటే భయం పుట్టించిన పిచర్ గురించి ఇంకా చెప్పలేదు. 50వ నంబర్ వేసుకున్న జె.ఆర్. రిచర్డ్ ఒక్క నో-హిట్టర్ కూడా వేయలేదు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. 1971లో మొదటి మ్యాచ్‌లోనే 15 స్ట్రైకౌట్లు చేశాడు. 1978 సీజన్ మొత్తానికి 303 స్ట్రైకౌట్లు, 1979లో 313. నేషనల్ లీగ్‌లో ఆధునిక కాలంలో 300 దాటిన మొదటి కుడిచేతి పిచర్ అతనే. అంత ఎత్తు నుంచి, అంత వేగంతో, ఒంటినిండా పసుపూ ఎరుపూ వేసుకుని ముందుకు వంగే మనిషిని బ్యాటర్ స్థానంలో నిలబడి ఊహించుకోండి.

1980లో అతను ఇంకా బాగా ఆడుతున్నాడు. ఆల్‌స్టార్ మ్యాచ్‌ను నేషనల్ లీగ్ తరఫున మొదలుపెట్టింది అతనే. ఆ వేసవంతా చెయ్యి బరువెక్కుతోందని, మొద్దుబారుతోందని చెబుతూ వచ్చాడు. నమ్మినవాళ్ళు తక్కువ. బద్ధకమని, రయన్ జీతం చూసి అసూయ అని పత్రికల్లో మాటలు వచ్చాయి. పరీక్షల్లో రక్తం గడ్డ కనబడింది కూడా. అయినా జూలై 30న ఆస్ట్రోడోమ్‌లో ప్రాక్టీస్ చేస్తూ పడిపోయాడు. పక్షవాతం. మేజర్ లీగ్స్‌లో మళ్ళీ ఒక్క బంతి వేయలేదు. 1990ల్లో డబ్బూ ఇల్లూ పోగొట్టుకుని హ్యూస్టన్‌లోనే ఒక వంతెన కింద బతికాడు. తర్వాత కోలుకుని, నలుగురికీ సాయపడుతూ జీవించి, 2021లో చనిపోయాడు.

అతను లేకుండానే 1980 జట్టు డివిజన్ గెలిచింది. లీగ్ ఫైనల్‌లో ఫిలడెల్ఫియాతో డోమ్‌లో ఆడిన మూడో మ్యాచ్‌లో జో నీక్రో పది ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. పదకొండో ఇన్నింగ్స్‌లో 1-0తో గెలిచారు. సిరీస్ 3-2తో పోయింది. ఐదు మ్యాచ్‌లలో నాలుగు అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్ళాయి. రిచర్డ్ ఉండి ఉంటే అన్న మాట హ్యూస్టన్ పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినబడుతుంది.

ఇక తర్వాతి చొక్కాలు. 1987 నుంచి పట్టీలు భుజాల మీదికి కుదించుకుపోయాయి. 1994లో నీలం, బంగారం. 2000లో కొత్త స్టేడియంతోపాటు ఇటుక ఎరుపు, ఇసుక రంగు. క్రెయిగ్ బిజియో, జెఫ్ బ్యాగ్‌వెల్ లాంటి గొప్ప బ్యాటర్ల కాలం అది. కానీ ఆ జెర్సీల మీద ఎవరికీ పెద్ద బెంగ లేదు, నాకూ లేదు. 2013లో అమెరికన్ లీగ్‌కు మారినప్పుడు మళ్ళీ నీలం, నారింజ వచ్చాయి.

ఆ నీలం నారింజలోనే 2017లో జట్టు మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్, గెలిచింది. హార్వీ తుఫాను ఊరిని ముంచిన ఏడాది. ఛాతీ మీద హ్యూస్టన్ స్ట్రాంగ్ అన్న బిళ్ళ. 2020 జనవరిలో లీగ్ విచారణ నివేదిక వచ్చింది. సొంత మైదానంలో కెమెరాతో అవతలి క్యాచర్ సైగలు పట్టుకుని, చెత్తడబ్బా మోగించి తమ బ్యాటర్లకు చెప్పారని తేలింది. జనరల్ మేనేజర్ జెఫ్ లూనో, మేనేజర్ ఎ.జె. హించ్ సస్పెండ్ అయ్యారు, అదే రోజు ఉద్యోగాలు పోయాయి. జట్టుకు 50 లక్షల డాలర్ల జరిమానా. టైటిల్ మాత్రం ఉంది. అది తప్పే, దానికి సర్దిచెప్పుకునే మాటలేవీ నేను ఒప్పుకోను. కాబట్టి ఆ ఏడాది బ్యాటింగ్‌ను మనసారా మెచ్చుకోలేను. ఆ అక్టోబర్‌లో యాంకీస్ మీద జస్టిన్ వర్లాండర్ తొమ్మిది ఇన్నింగ్స్ వేసి 13 స్ట్రైకౌట్లతో 2-1తో గెలిపించిన మ్యాచ్‌ను మాత్రం ఇప్పటికీ చూస్తాను. సైగలు దొంగిలిస్తే బ్యాటర్‌కు లాభం, బంతి వేసేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ గొడవ తర్వాత జట్టును నిలబెట్టడానికి మేనేజర్‌గా తెచ్చింది డస్టీ బేకర్‌ను. 1981లో రయన్ ఐదో నో-హిట్టర్‌లో చివరి అవుట్ అయిన ఆ బేకరే. 2022 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో, ఫిలడెల్ఫియాలో, అతని పిచర్లు హవియర్, అబ్రేయు, మోంటెరో, ప్రెస్లీ నలుగురూ కలిసి నో-హిట్టర్ వేశారు. వరల్డ్ సిరీస్ చరిత్రలో 1956 తర్వాత అదే మొదటిది. ఒంటి మీద బయటి ఊళ్ళ బూడిద చొక్కా, స్కోరు 5-0. రెండు మ్యాచ్‌ల తర్వాత బేకర్ మేనేజర్‌గా తన మొదటి టైటిల్ అందుకున్నాడు.

అదే 2022లో జట్టు ముదురు నీలం మీద స్పేస్ సిటీ అని నాసా తరహా అక్షరాలతో ప్రత్యేక జెర్సీ తెచ్చింది. దాని అంచుల్లో కూడా పాత పట్టీల రంగులే. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన పిచర్ హెక్టర్ నెరిస్‌కు 50వ నంబర్ ఇచ్చారు. డాన్ విల్సన్ 40, రయన్ 34, స్కాట్ 33, డియర్కర్ 49 ఇంకెవరికీ ఇవ్వకుండా జట్టు పక్కన పెట్టింది. అవి న్యాయమైనవే. ఆ రంగులను ఇవాళ్టికీ అమ్ముకుంటున్న జట్టు 50ని కూడా వాటి పక్కన పెట్టి తీరాలి. 303, 313 అన్న రెండు అంకెలు చాలు అందుకు.